జవాబు రాయని పూర్వ విద్యార్థిని వెతకండి: ఉత్తర తెలంగాణ విశ్వవిద్యాలయాలకు ఒక బహిరంగ లేఖ

హనుమకొండ

గౌరవనీయులైన ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, అంతర్గత నాణ్యతా విభాగాల సంచాలకులకు, పూర్వ విద్యార్థుల సంఘాల బాధ్యులకు,

నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల డిగ్రీ కళాశాలల్లో గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి. కొంతకాలం కిందట ఒక విశ్వవిద్యాలయం తన పూర్వ విద్యార్థుల అభిప్రాయాలు కోరుతూ తయారుచేసిన ఆన్‌లైన్ ఫారం నా ఫోనుకు నాలుగు వాట్సాప్ గ్రూపుల నుంచి నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడే నింపి పంపాను. తర్వాత తెరిచి చూసిన ప్రతిసారీ మళ్లీ కొత్తగా నింపే వీలు కనిపించింది. ఆ విశ్వవిద్యాలయం గడప ఎన్నడూ తొక్కని మా పక్కింటి అబ్బాయి ఫోనులో కూడా ఆ ఫారం అదే విధంగా తెరుచుకుంది. అలా పోగైన జవాబుల్లో పూర్వ విద్యార్థులు ఎందరో, ఒకరే రెండుసార్లు నింపినవి ఎన్నో తేల్చే దారి లేదు. అది ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇటువంటి సర్వేలు ఇంకా జరగబోతున్నాయి కనుక, అవి మొదలయ్యేలోగా కొన్ని విషయాలు మీ ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికి 2026తో యాభై ఏళ్లు నిండుతాయి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నేటి వరంగల్ ఎన్‌ఐటీ అరవై ఏళ్లు దాటింది. 2006లో నిజామాబాద్ కేంద్రంగా తెలంగాణ విశ్వవిద్యాలయం, 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చాయి. వీటిలో చదివినవారిలో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పట్టా అందుకున్నవారు. వ్యవసాయ కుటుంబాల నుంచి, బీడీలు చుట్టే ఇళ్ల నుంచి, సింగరేణి కార్మికుల క్వార్టర్ల నుంచి, ఏజెన్సీ గూడేల నుంచి వచ్చి చదువుకున్న ఈ తరాలకు ఆ పట్టా ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేకపోయింది అన్నది మనం నిజంగా తెలుసుకోవలసిన విషయం. కేంద్ర విద్యాశాఖ ఏటా జరిపే ఉన్నత విద్యా సర్వే ఎందరు చేరారో, ఎందరు ఉత్తీర్ణులయ్యారో చెబుతుంది. ఆ తర్వాత వారి బతుకు ఎటు సాగిందో తెలుసుకోవలసింది విశ్వవిద్యాలయమే. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ గుర్తింపు ప్రమాణాల్లో పూర్వ విద్యార్థుల అభిప్రాయాలకు చోటు ఉండటం మంచిదే. అయితే న్యాక్ బృందం రాకకు రెండు నెలల ముందు హడావుడిగా సేకరించిన జవాబులు ఆ ఫైలులోనే ఉండిపోతాయి తప్ప పాఠ్యప్రణాళికా సంఘం బల్ల మీదికి రావు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న, పూర్వ విద్యార్థి అంటే ఎవరు అన్నది. ఇది పైకి కనిపించినంత తేలికైనది కాదు. 1976కు ముందు వరంగల్‌లో పీజీ చదివినవారికి ఉస్మానియా పట్టా ఉంటుంది, కానీ వారు చదువుకున్నది ఇక్కడి ప్రాంగణంలోనే. 2008కి ముందు కరీంనగర్, జగిత్యాల కళాశాలల్లో డిగ్రీ పూర్తిచేసినవారి మెమోల మీద కాకతీయ ముద్ర ఉంటుంది, కానీ వారి కళాశాల ఈనాడు శాతవాహన పరిధిలో ఉంది. వీరిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? ఇద్దరూ తీసుకుంటే కొందరు రెండుసార్లు లెక్కకు వస్తారు, ఎవరికి వారు వదిలేస్తే ఎక్కడా లేకుండా పోతారు. అనుబంధ కళాశాలల్లో బీఏ, బీకాం చదివినవారు, దూరవిద్య ద్వారా చదివినవారు సంఖ్యలో క్యాంపస్ విద్యార్థుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో వారి ముఖాలు కనిపించవు. నేను పాఠాలు చెప్పిన పిల్లలు ఎక్కువమంది వారిలోనే ఉన్నారు కాబట్టి ఈ లోటు నన్ను బాధిస్తుంది. ఆత్మీయ సమ్మేళనానికి వచ్చి వేదిక మీద మాట్లాడేవారి అభిప్రాయాన్ని విశ్వవిద్యాలయం ఎప్పుడూ వింటూనే ఉంది. సర్వే అనే పనిముట్టు అవసరమయ్యేది ఆ వేదిక దాకా రానివారి కోసం.

వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంచితే వేల జవాబులు వస్తాయి కదా, అంత పెద్ద సంఖ్యలో తప్పు ఎక్కడ ఉంటుందని కొందరు నన్ను అడిగారు. ఈ ప్రశ్నకు గణాంకశాస్త్ర తరగతుల్లో మేము ప్రతి సంవత్సరం చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటిమందికి పోస్టులో నమూనా ఓటు పత్రాలు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. ఎన్నికల్లో అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది ప్రధానంగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థికమాంద్యం రోజుల్లో ఫోను, కారు ఉన్నవారు ఎవరో వేరే చెప్పనక్కరలేదు. దానికి తోడు, అందుకున్నవారిలో పట్టుదలగా నింపి పంపినవారి మొగ్గు ఒకవైపు, పంపనివారి మొగ్గు మరోవైపు ఉంది. అదే సంవత్సరం ప్రజాభిప్రాయ సర్వేలు జరిపే జార్జ్ గాలప్ అంతకంటే ఎన్నో రెట్లు చిన్న నమూనాతో విజేతను సరిగ్గా చెప్పగలిగాడు. మన బ్యాచ్ గ్రూపులు కూడా ఆ డైరెక్టరీల వంటివే. ఉద్యోగంలో స్థిరపడినవారు గ్రూపు మొదలుపెడతారు, తమవంటి మిత్రులను చేర్చుకుంటారు. చదువు మధ్యలో ఆగినవాడు, ఏళ్ల తరబడి పోటీ పరీక్షలు రాసి అలసిపోయినవాడు ఆ గ్రూపులో ఉండడు, ఉన్నా మాట్లాడడు.

అందరినీ అడగవలసిన పని లేదు. ఒక సంవత్సరం ఉత్తీర్ణులైన నాలుగు వేల మంది నుంచి యాదృచ్ఛికంగా ఎంపిక చేసినవారిలో సుమారు 350 మంది జవాబులు దొరికితే, ఉద్యోగంలో ఉన్నవారి శాతం వంటి అంకెను ఐదు శాతం అటూ ఇటూగా, 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అదే కచ్చితత్వం అరవై మంది మాత్రమే ఉన్న ఒక విభాగానికి కావాలంటే మాత్రం 52 మంది జవాబులు కావాలి, అంటే అక్కడ దాదాపు అందరినీ కలవాలి. ఈ రెండు అంకెల మధ్య తేడా గమనించకుండా ప్రతి విభాగం నుంచి పది శాతం తీసుకోమని ఆదేశాలు ఇస్తే చిన్న విభాగాల ఫలితాలు దేనికీ పనికిరావు. ఎంపికకు మార్కుల రిజిస్టరే ఆధారం కావాలి. క్యాంపస్ పీజీ, అనుబంధ కళాశాలలు, దూరవిద్య అని మూడు వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గంలో హాల్‌టికెట్ నంబర్ల వరుసలో ఏదో ఒక అంకె దగ్గర మొదలుపెట్టి నిర్ణీత వ్యవధితో పేర్లు తీసుకోవచ్చు. ఎంపికైన ప్రతి వ్యక్తికీ ఒక్కసారి మాత్రమే వాడగలిగే సంకేత సంఖ్య ఇస్తే, నాకు నాలుగుసార్లు వచ్చిన ఫారం వంటి చిక్కు ఉండదు.

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగవలసిన విషయం, ఎంపిక చేసినా జవాబు ఇవ్వనివారి సంగతి. 1946లో హాన్సెన్, హర్విట్జ్ అనే ఇద్దరు గణాంకవేత్తలు దీనికి ఒక పద్ధతి ప్రతిపాదించారు. మొదట తక్కువ ఖర్చుతో అందరికీ ప్రశ్నావళి పోస్టులో పంపాలి. జవాబు రానివారిని వదిలేయకుండా, వారిలోంచి ఒక చిన్న నమూనా తీసి, వారిని మాత్రం ఎంత శ్రమ అయినా నేరుగా కలిసి అడగాలి. ఊహాజనితమైన అంకెలతో చూపిస్తాను. వెయ్యిమందికి పంపితే 250 మంది జవాబు ఇచ్చారనుకుందాం. వారిలో 200 మంది, అంటే 80 శాతం, ఉద్యోగంలో ఉన్నారు. ఇక్కడితో ఆపితే నివేదికలో 80 శాతం అని అచ్చవుతుంది. మిగిలిన 750 మందిలోంచి 75 మందిని యాదృచ్ఛికంగా తీసి ఫోను చేసి, ఇళ్లకు వెళ్లి అడిగితే 45 మంది ఉద్యోగంలో ఉన్నట్టు తేలిందనుకుందాం. అది 60 శాతం. ఆ లెక్కన 750 మందిలో 450 మంది, మొదటి 200 మందితో కలిపి 650. అసలు అంకె 65 శాతం. ఆ 75 మంది దగ్గరికి వెళ్లకపోతే పదిహేను శాతం మంది జీవితాలను మనం కాగితం మీద మార్చేసినట్టే. నిధులు కొద్దిగానే ఉంటే, నమూనాను సగానికి తగ్గించి అయినా ఈ రెండో విడతకు డబ్బు మిగుల్చుకోమని నా మనవి.

వెతకడం కష్టమని నాకు తెలుసు. పాత రిజిస్టర్లలోని చిరునామాలు ఇరవై, ముప్పై ఏళ్ల నాటివి, ఫోను నంబర్లు అసలే ఉండవు. 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి ముప్పై మూడు అయ్యాయి, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా మారింది. ‘మీది ఏ జిల్లా’ అని ఊరికే అడిగితే భూపాలపల్లి మనిషి వరంగల్ అనీ రాయవచ్చు, జయశంకర్ భూపాలపల్లి అనీ రాయవచ్చు. అందువల్ల మండలం, గ్రామం అడిగి, జిల్లాను మనమే నింపుకోవడం మేలు. పెళ్లయ్యాక ఊరు, ఇంటిపేరు మారిన ఆడపిల్లలను పట్టుకోవడం మరింత కష్టం. వారిని వదిలేస్తే సర్వేలో సగం లోకం లేనట్టే. నా అనుభవంలో వారి జాడ తెలిసేది పుట్టింటి ఊరిలోనే, అందులోనూ బతుకమ్మ, దసరా రోజుల్లో. హైదరాబాద్‌లో, ముంబైలో, గల్ఫ్‌లో ఉన్నవారు కూడా ఊరికి వచ్చేది, లేదా ఇంటికి తప్పక ఫోను చేసేది ఆ రోజుల్లోనే. ప్రతి మండలంలో మన పట్టభద్రులైన ఉపాధ్యాయులు ఉన్నారు. వారికి పది పేర్ల జాబితా ఇచ్చి, నంబరు నేరుగా తీసుకోకుండా, సంబంధిత వ్యక్తి అనుమతితో తీసుకోమని కోరితే చాలా ముడులు విడిపోతాయి. ఇకముందు చదివి వెళ్లేవారి విషయంలో ఈ తిప్పలు ఉండకూడదంటే, నో డ్యూస్ సంతకాల రోజునే విద్యార్థి నంబరుతోపాటు, మారే అవకాశం తక్కువ ఉన్న ఒక దగ్గరి బంధువు నంబరు, వారి సమ్మతితో రాసిపెట్టుకోవాలి.

ప్రశ్నల గురించి చెప్పకుండా ఉండలేను. చాలా ఫారాలు ముందు ఇంగ్లీషులో తయారై, తర్వాత మాటకు మాట తెలుగులోకి వస్తున్నాయి. ఒక ఫారంలో ‘ప్రస్తుత యజమాని పేరు’ అనే గడి ఉంది. పనిచేసే సంస్థ పేరు రాయాలని తయారుచేసినవారి ఉద్దేశం. నా పూర్వ విద్యార్థిని, హుజూరాబాద్ దగ్గర స్థిరపడిన ఒక ఎంఏ పట్టభద్రురాలు, అక్కడ తన భర్త పేరు రాసి పంపింది. ఆమె తప్పు చేయలేదు, మన ఊళ్లలో ఆ మాటకు ఉన్న అర్థం అదే. ‘మీరు ఎక్కడ పనిచేస్తున్నారు’ అంటే సరిపోయేది. మరొకతను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నర్సంపేటలో ఎరువుల, విత్తనాల దుకాణం నడుపుతున్నాడు. మిర్చి రైతులకు ఏ మందు ఎంత కొట్టాలో తన చదువుతోనే చెబుతున్నాడు. ఫారం చూసి నాకు ఫోను చేశాడు. “సార్, ఇండ్ల గవర్నమెంటు, ప్రైవేటు, నిరుద్యోగి అని మూడే ఉన్నయి. నేను నిరుద్యోగి అని పెట్టాల్నా?” అన్నాడు. ఆ గొంతులోని చిన్నబోయిన తనం నాకు ఇంకా గుర్తుంది. సొంత వ్యవసాయం, సొంత వ్యాపారం, ప్రైవేటు బడిలో బోధన, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, గల్ఫ్ ఉపాధి, ఇంటి పని, పిల్లల పెంపకం, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదవడం, ఇవన్నీ మన పట్టభద్రులు నిజంగా చేస్తున్న పనులు. అవి జాబితాలో లేకపోతే మనం వారిని అడగనట్టే. ఒకరే రెండు, మూడు పనులు చేస్తుంటారు కాబట్టి ఒకటి కంటే ఎక్కువ గుర్తించే వీలు కూడా ఉండాలి.

‘బోధన, ప్రయోగశాలలు సంతృప్తికరంగా ఉన్నాయా’ అని ఒకే ప్రశ్నలో రెండు విషయాలు అడిగితే, పాఠాలు బాగుండి ప్రయోగశాలలో పరికరాలు లేని చోట చదివినవారు ఏం రాయాలి? ‘తరచు, అప్పుడప్పుడు’ అనే మాటలకు బదులు నెలకు ఎన్నిసార్లు అని అడగాలి. ఆదాయం కచ్చితమైన అంకెగా అడిగితే చాలామంది మానేస్తారు, శ్రేణులుగా అడిగితే చెబుతారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ ప్రశ్నావళి ఉండాలి, పదిహేను నిమిషాలకు మించకూడదు. ఇవి అందరికీ తెలిసినవే కనుక పొడిగించను. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా ఉండాలని కోరతాను. చదివినదాంట్లో ఈ రోజు మీ పనికి ఉపయోగపడుతున్నది ఏమిటి, ఉండవలసి ఉండి లేనిది ఏమిటి అని అడిగి, కింద ఖాళీ జాగా వదలాలి. వారి మాటల్లోనే రాయనివ్వాలి, ఆ మాటలను ఎవరైనా కూర్చుని చదవాలి.

ఎవరు అడుగుతున్నారన్నది కూడా జవాబును మారుస్తుంది. చదువు చెప్పిన గురువే ఫోను చేసి ‘మా విభాగం ఎట్లా ఉండేది’ అని అడిగితే మన ప్రాంతంలో ఎవరూ బాగాలేదని అనరు. నా విద్యార్థులు నాతో అలాగే అన్నారు, ఆ గౌరవం నాకు సంతోషమే, కానీ అది సమాచారం కాదు. అందువల్ల ఒక విభాగం వారిని మరో విభాగానికి చెందిన విద్యార్థులు అడగాలి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఎంఏ సోషియాలజీ విద్యార్థులకు ఇది అసలైన క్షేత్రశిక్షణ అవుతుంది. వారికి రోజుకు కొంత భత్యం ఇవ్వడం న్యాయం. పేర్లు, ఫోను నంబర్లు ఒక చోట, జవాబులు మరో చోట భద్రపరచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి, సమ్మతి పొంది, ఆ పనికే వాడాలి, సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు వారికి ఉంటుంది. పది మంది కంటే తక్కువ జవాబులు వచ్చిన విభాగం వివరాలు విడిగా ప్రచురించకపోవడం మంచిది, ఎందుకంటే చిన్న విభాగంలో ఎవరు ఏమన్నారో ఇట్టే తెలిసిపోతుంది.

ఎప్పుడు అడగాలి అన్న విషయంలో బ్రిటన్ అనుభవం గమనించదగినది. అక్కడ మొదట చదువు ముగిసిన ఆరు నెలలకు అడిగేవారు, తర్వాత దాన్ని దాదాపు 15 నెలలకు మార్చారు. మన దగ్గర పీజీ తర్వాత బీఈడీ, ఆపై పోటీ పరీక్షల నోటిఫికేషన్ల కోసం ఎదురుచూపు ఉంటాయి కనుక 15 నెలలు కూడా తొందరే అవుతుందని నా అభిప్రాయం. రెండేళ్లకు ఒకసారి, ఐదేళ్లకు మరోసారి అడగడం తగినది. ముఖ్యమైన పది ప్రశ్నలను ఏ సంవత్సరమూ మార్చకూడదు, మారిస్తే ఒక బ్యాచ్‌ను మరో బ్యాచ్‌తో పోల్చలేము. అసలు సర్వేకు ముందు చిన్న స్థాయిలో ముందస్తు సర్వే జరపాలి. గణాంకవేత్త మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార విస్తీర్ణం కొలిచినప్పుడు మొదట కొద్ది ప్రాంతంలో ప్రయత్నించి, ఖర్చు, తప్పులు అంచనా వేసుకుని, ఏడాదికేడాది విస్తరించారు. మనం హనుమకొండలో పదిహేను మందిని, మహబూబాబాద్ వైపు తండాల్లో పదిహేను మందిని కూర్చోబెట్టి ప్రతి ప్రశ్నకూ వారు ఏం అర్థం చేసుకున్నారో అడిగితే చాలు, ‘యజమాని’ వంటి మాటలు అక్కడే బయటపడతాయి.

ఒక అభ్యర్థన ప్రత్యేకంగా పూర్వ విద్యార్థుల సంఘాలకు. స్వర్ణోత్సవాల విరాళాల విజ్ఞప్తిని ఈ సర్వేతో కలపకండి. చివరి పేజీలో బ్యాంకు ఖాతా నంబరు కనిపిస్తే, ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడు మొదటి పేజీ జవాబులు కూడా పంపడు, వచ్చే ఏడాది మీ ఫోను ఎత్తడు. అలాగే, జవాబు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఆరు నెలల్లోపు రెండు పేజీల ఫలితాల పత్రం తెలుగులో పంపాలి. ఏ కోర్సులో ఏ మార్పు చేయాలని నిర్ణయించారో, ఏది చేయలేకపోతున్నారో, ఎందుకో అందులో ఉండాలి.

ఈ సంవత్సరం మొత్తం యాభై ఏళ్ల పట్టభద్రుల జోలికి వెళ్లకుండా, ఐదేళ్ల కిందట చదువు ముగించిన ఒక్క బ్యాచ్‌ను తీసుకోండి. అందులోంచి అయిదు వందల పేర్లు ఎంపిక చేసి, పైన చెప్పిన రెండు విడతల పద్ధతిలో అడగండి. హనుమకొండ, కరీంనగర్‌లలో నాతోపాటు పదవీ విరమణ చేసిన గణాంకశాస్త్ర అధ్యాపకులు కొందరు ఈ పనికి ఏ పారితోషికమూ లేకుండా సమయం ఇవ్వడానికి ముందుకు వచ్చారు. నమూనా ఎంపికకు, విద్యార్థుల శిక్షణకు మేము సిద్ధంగా ఉన్నాం. మీ పరీక్షల విభాగంలోని మార్కుల రిజిస్టర్లను మీ అధికారి సమక్షంలో చూసే అనుమతి లిఖితపూర్వకంగా ఇప్పిస్తే, దసరా సెలవులకు ముందే పేర్ల జాబితా మీ చేతికి అందజేస్తాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు